దొరపొయ్యి

పెళ్లయిన మర్నాడు అత్తగారింటి ముందు ఆటో దిగి, ఆ ఇంటిని చూసి నవ్వాను. ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే, కొత్తకోడలు పుట్టింటిని తలుచుకుని ఏడుస్తోందనుకుని ఇద్దరు ముసలమ్మలు వీపు నిమిరారు. నా తప్పేం లేదు. మాది జగ్గయ్యపేట. డాబాలూ, సిమెంటు లారీలూ, వాటి దుమ్మూ చూస్తూ పెరిగినదాన్ని. నందిగామ దగ్గర హైవే వదిలి, పత్తిచేల మధ్యనుంచి ఊళ్లోకి వస్తే చర్చి వెనక నాకు కనిపించింది ఇల్లు కాదు, పెద్ద గడ్డివాము. ఎవరో దానికి తలుపులూ కిటికీలూ పెట్టి, నెత్తిన ఇటుకల గొట్టం ఒకటి నిలబెట్టారు.

"దొర ఇల్లు. మా తాత ఆయన దగ్గర వంట చేసేవాడు. దొర వాళ్ల దేశం వెళ్లిపోతూ తాతకి రాసిచ్చాడు" అన్నాడు మా ఆయన, ఇందులో నవ్వడానికేముందన్నట్టు.

సువార్త చెప్పడానికి వచ్చిన ఆ దొర ఎక్కడ పుట్టాడో గానీ, తన పల్లెలో తన ఇల్లు ఎలా ఉంటుందో ఇక్కడా అచ్చం అలాగే ఉండాలని పట్టుబట్టాడట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పెంకులు దొరుకుతున్నా వద్దని, మునేటి ఒడ్డునుంచి బళ్లకొద్దీ రెల్లు తెప్పించి మూరెడు మందాన కప్పించాడు. గోడలు ఇటుకవి కావు. బంకమట్టిలో గడ్డి కలిపి తొక్కించి, పొర మీద పొర వేసుకుంటూ లేపినవి. కిటికీ గూట్లో నేను కాళ్లు ముడుచుకుని కూర్చోవచ్చు, అంత మందం. గుమ్మాలు మాత్రం పొట్టివి. మా ఆయన పుట్టినప్పటినుంచీ ఆ ఇంట్లోనే ఉన్నా వారానికోసారి తల కొట్టుకునేవాడు.

అన్నిటికన్నా వింత, ఆ ఇంటికి మూలలు లేవు. గోడా గోడా కలిసేచోట కుండ కడుపులాగా గుండ్రంగా తిప్పేశారు. చీపురుకి పని తగ్గిందని నేను సంతోషపడ్డాను.

"మూలలుంటే సైతాను నక్కుతాడని దొరసాని అనేదట" అంది అత్తయ్య.

"మరి మూలల్లేకపోతే ఎక్కడుంటాడత్తయ్యా?"

"ఏముంది, నడిమధ్యన నిలబడతాడు" అని, ఆవిడ నవ్వకుండా బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

నేను నందిగామలో ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతాను. లెక్కకు రానిదాన్ని నమ్మను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని మా ఆయన ఇప్పటికీ అంటాడు. అయినా పొద్దున్నే బస్సు కోసం వెళుతూ వెనక్కి చూడకూడదనుకునేదాన్ని, చూసేదాన్ని. అటకకు రెండు చిన్న కిటికీలున్నాయి. వాటి మీద కప్పు కాస్త పైకి లేచి మళ్లీ కిందికి వంగుతుంది, కనుబొమల కింద కళ్లలాగా. ఆ కళ్లు రోడ్డు వైపే ఉంటాయి. నేను మలుపు తిరిగేదాకా నా వీపు ఊరుకునేది కాదు.

కప్పు నడుమున, శిఖరం మీద గడ్డితో చేసిన పిట్ట ఒకటి ఉండేది. దొర ఏం పిట్టని చేయించాడో ఎవరికీ గుర్తు లేదు. కప్పు మార్చిన ప్రతిసారీ కప్పేవాళ్లు పాతదాన్ని చూసి కొత్తది చేయడంతో అది మారి మారి కోడి అయిపోయింది. దర్వాజా పక్కన సున్నం మీద, వృత్తలేఖినితో గీసినట్టు, గుండ్రంగా ఆరు రేకుల పువ్వు చెక్కి ఉంది. అది ముగ్గేనని, క్రైస్తవుల ఇంటికి తగదని సంఘపెద్ద ఒకాయన గీకించబోయాడట. గీకితే ఇంకా లోతుగా కనబడిందని వదిలేశారు.

ఇక దొరపొయ్యి. రోహిణీకార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో, హాల్లో ఒక గోడంతా చలిమంట వేసుకోవడానికి కట్టించిన గూడు అది. లోపల రెండు పక్కలా కూర్చోడానికి మట్టి అరుగులు, పైన అడ్డంగా నల్లటి దూలం, దాని పైన ఆకాశందాకా గొట్టం. దొరసాని క్రిస్మస్ రోజుల్లో అందులో మంట వేయించి, చెమటలు తుడుచుకుంటూ ఎదురుగా కూర్చునేదట. వాళ్లు వెళ్లాక అందులో మంట వెయ్యలేదు. డిసెంబరులో మావాళ్లు బాలయేసు పశువులపాక అందులోనే పెడతారు. గొట్టం ఊపిరి పీల్చినట్టు గాలిని పైకి లాగుతుంది. ఒకసారి కాగితం గొర్రెపిల్ల మా కళ్లముందే లేచి పైకి పోయింది. మళ్లీ దొరకలేదు.

దూలం మీద, కొవ్వొత్తి మంట తగిలించినట్టు, నీటిచుక్కల ఆకారంలో కాలిన మచ్చలు వరసగా ఉన్నాయి. పనివాళ్ల నిర్లక్ష్యం అనేవారు. నిర్లక్ష్యం అంత వరసగా ఎలా ఉంటుందని నేను అడిగేదాన్ని.

గడ్డికప్పు కింద బతకనివాళ్లకి తెలియనిది ఒకటుంది. దానికింద చప్పుడు ఉండదు. బయట కుండపోతగా వాన కురుస్తున్నా లోపల చినుకు వినబడదు. తలుపు తీస్తేనే వాన. ఎవరో వాకిట్లోకి వస్తారు, అడుగు వినబడదు, ఉన్నట్టుండి పక్కన నిలబడి ఉంటారు. మధ్యాహ్నం ఊరు కునుకు తీసేవేళ ఆ నిశ్శబ్దం చెవుల్లో దూది కుక్కినట్టు ఉంటుంది. ఆ ఇంట్లో నేను భయపడింది చీకటికి కాదు, మిట్టమధ్యాహ్నానికి.

ఎందుకంటే ఆ వేళలోనే అటక మీద ఏదో నడిచేది.

టక్. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ టక్.

మొదటిసారి విన్నప్పుడు పిల్లి అనుకున్నాను. ఇరుకు మెట్లెక్కి చూస్తే ఎండుమిరపకాయల బస్తాలూ, విరిగిన కుర్చీలూ తప్ప ఏమీ లేవు. దుమ్ములో నా అడుగులే ఉన్నాయి. కిందికి దిగి, ఎండకు పలకలు సాగుతాయని, అందుకే మధ్యాహ్నమే చప్పుడవుతుందని అత్తయ్యకి పాఠం చెప్పినట్టు చెప్పాను. అనుమానం పెనుభూతం అని సామెత కూడా జోడించాను.

"అంతేనేమోలే" అంది ఆవిడ. తల మాత్రం పైకెత్తే ఉంచింది.

మా అత్తయ్య చెప్పులు వేసుకునేది కాదు. మే నెల ఎండలో తారు రోడ్డు మీద కూడా ఉత్తకాళ్లతోనే చర్చికి వెళ్లేది. పిసినారితనమేమో అనుకున్నాను. నందిగామలో మెత్తటి చెప్పులు కొనుక్కొచ్చి ఇస్తే, రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, ఇనపపెట్టెలో పెట్టి మూత వేసింది. వారం చూశాను, నెల చూశాను. నాకు ఒళ్లు మండింది.

"కోడలు తెచ్చిందని కాళ్లకి తగలకూడదా అత్తయ్యా?" అని అడిగేశాను.

ఆవిడ కోప్పడలేదు. దొరపొయ్యి అరుగు మీద కూర్చుని, నన్నూ కూర్చోమంది.

"మీ ఆయన కన్నా ముందు నాకో ఆడపిల్ల పుట్టింది అమ్మాయ్. మూడేళ్లది. క్రిస్మస్‌కి మీ జగ్గయ్యపేటలోనే కాలి కొలతలిచ్చి ఎర్రతోలు చెప్పులు కుట్టించాం. తొందరగా అరిగిపోకుండా మీ మావయ్య అడుగున మేకులు కొట్టించాడు. అది అటక మీద టకటకా తిరుగుతుంటే, ఎక్కడుందో కిందున్న మాకు తెలిసిపోయేది."

ఆవిడ కొంగుతో అరుగు మీది దుమ్ము తుడిచింది.

"జనవరిలో జొరం తగిలింది. బెజవాడ తీసుకెళ్దాం అనుకునేలోపే అయిపోయింది. పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు క్రిస్మస్ గౌనే తొడిగా. చెప్పులు తొడుగుదామంటే ఒకటే ఉంది. రెండోది లేదు. మంచాల కింద, బస్తాల సందున, బావి దగ్గర, ఎక్కడని వెతకను? బయట పాస్టరుగారు పొద్దుపోతోందమ్మా అంటున్నారు. ఒంటి చెప్పుతో పంపించా అమ్మాయ్. నా బిడ్డకి ఒక కాలు ఉత్తదే."

చెప్పులు తెచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, నా కళ్లు తుడిచింది.

"అది దొరికిన రోజు వేసుకుంటాలే నీ చెప్పులు" అంది.

ఆ తర్వాత అటక చప్పుడుని నేను వేరేగా విన్నాను. వినకూడదనుకున్నా విన్నాను. టక్. మధ్యలో ఖాళీ. టక్. ఆ ఖాళీ ఒక ఉత్తకాలు పలక మీద ఆనడానికి సరిపోయేంత ఉండేది.

కప్పు మార్చే ఏడు అత్తయ్యని చూడాలి. పాత రెల్లుకట్టలు కిందపడుతుంటే ఒక్కొక్కదాన్నీ విప్పి, దులిపి, వేళ్లతో తడిమేది. గడ్డిలో ఎలక పట్టుకుపోయిన గుడ్డపీలికలు దొరికేవి, పాముకుబుసం దొరికేది, ఒకసారి దొరల కాలంనాటి చెంచా కూడా దొరికింది. ఆవిడకి కావలసింది దొరకలేదు. వెతకనిచోటు ఒక్క పొగగొట్టమే. దాని జోలికి పోవద్దని మా ఆయన నాయనమ్మ, అంటే వంట తాత భార్య, పోయేముందు పదే పదే చెప్పిందట. "పొగగూట్లో చెయ్యి పెట్టొద్దు" అన్నదే ఆవిడ ఆఖరిమాట. దొరల బంగారం దాచిందనుకుని చుట్టాల్లో ఒకాయన దూలం కిందినుంచి చెయ్యి పెట్టి తడిమాడు. భుజందాకా మసి తప్ప ఏమీ రాలేదు. తర్వాత ఆ సంగతి ఊళ్లో నవ్వులాటగా మిగిలింది.

నాకు కూతురు పుట్టింది. దానికి మూడేళ్లు నిండేసరికి అత్తయ్య దాన్ని అటక మెట్ల దగ్గరికి కూడా పోనిచ్చేది కాదు. మెట్ల ముందు పీట అడ్డం పెట్టి తానే కాపలా కూర్చునేది. అయినా పిల్ల ఒక ఆట నేర్చుకుంది. ఒక కాలికే చెప్పు వేసుకుని వాకిట్లో నడిచేది. చెప్పుకాలు గట్టిగా, ఉత్తకాలు మెల్లగా. ఇంకోటేదే అంటే నవ్వేది. పిల్లలందరూ ఆడే ఆటే. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ దాని నడకలో ఆ ఖాళీ విన్నప్పుడు, నాకు పట్టపగలు వెన్నులో చలి పుట్టింది. రెండో చెప్పు తెచ్చి బలవంతంగా తొడిగాను.

ఆ ఏడు వానలకి పొగగొట్టం చుట్టూ కప్పు కారింది. ఇటుకకీ గడ్డికీ ఎప్పుడూ పడదు. ఆ సందులోంచి నీళ్లు దిగి దూలం తడిసింది. గొట్టం పైన కొట్టేసి కప్పు కలిపేద్దాం, కింద పొయ్యి ఎలా ఉన్నా ఫర్వాలేదు అన్నాడు మా ఆయన. కోదాడ వైపునుంచి ఒక మేస్త్రి వచ్చాడు. పొయ్యిలోపల నిచ్చెన వేసుకుని, చెయ్యి చాపినా అందనంత ఎత్తుకి ఎక్కాడు. కాసేపు సుత్తి చప్పుడు వినబడింది. తర్వాత అది ఆగిపోయింది.

"అమ్మా, ఈడ గూడు లెక్కుంది. గూట్ల చెప్పులున్నయ్" అన్నాడు గొట్టంలోంచి.

నేను హాలుకి ఆ చివరున్నాను. అత్తయ్య వాకిట్లో ఉంది. ఆ ఇంట్లో మాటలు బయటికి వినబడవని చెప్పానుగా. ఆవిడకి ఎలా వినబడిందో తెలియదు. నేను తిరిగి చూసేలోపు నిచ్చెన కింద చేతులు చాపి నిలబడి ఉంది.

మేస్త్రి ముందు ఇచ్చింది ఒక నల్లటి బూటు. చిన్నపిల్లలది, ఎండుచేపలా బిగుసుకుపోయింది. ముందుభాగం వేలు కనబడేంత అరిగి చిరిగిపోయింది. దొరసాని బిడ్డది అయ్యుండాలి. రెండోది కూడా నల్లగానే ఉంది. అత్తయ్య దాన్ని కొంగుతో ఒక్కసారి తుడిచింది. మసి కింద ఎరుపు.

ఆవిడ అక్కడే, పొయ్యి అరుగు మీద కూలబడింది. చెప్పుని ఒళ్లో పెట్టుకుని, అడుగున మేకుల మీద బొటనవేలు ఆనించి కూర్చుంది. మేకులు కొత్తగానే ఉన్నాయి. నేను నీళ్లిస్తే తాగలేదు.

"మా అత్త పనే."

ఆ ముసలావిడ దొరల వింతలు కథలుగా చెప్పేదట. ఇల్లు కట్టినప్పుడు దొరసాని తన బిడ్డ బూటొకటి తీసుకెళ్లి పొగగూట్లో పెట్టించింది. ఇంట్లో అన్ని కంతలకీ తలుపులున్నాయి, ఒక్క గొట్టానికే లేదు. అందులోంచి దిగే చెడు, బూటుని చూసి బిడ్డే అనుకుని అందులో దూరుతుందట, మళ్లీ బయటికి రాలేదట. అది చెప్పి ముసలావిడ కడుపుబ్బ నవ్వేదట, దొరలకి కూడా ఎంత పిచ్చో చూడండని. అలా నవ్విన మనిషే, మనవరాలికి జ్వరం ముదిరితే ఎవరూ చూడకుండా దాని చెప్పు తీసుకెళ్లి పైకెక్కి పెట్టేసింది. పిల్ల పోయింది. ఇల్లంతా కలిసి చెప్పు కోసం వెతుకుతుంటే, తనే బిడ్డ కాలు ఆ గూటికి కట్టేసి చంపిందంటారని నోరు మూసుకుంది. చచ్చేదాకా మూసుకుంది.

"నా ఎదురుగా కూచుని అన్నం తిందే ఇన్నేళ్లూ! నేను కొంగు పరుచుకుని నేల తడుముతుంటే చూస్తూ ఊరుకుందే!" అని అత్తయ్య ఆ ముసలావిడని తిట్టింది. ఆవిడ నోట తిట్టు వినడం నాకదే మొదటిసారి. తిట్టి తిట్టి అలిసిపోయి, "దానికోసమేగా పెట్టింది, భయమేసి పెట్టింది" అని తనే సర్దుకుంది.

నేను రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. దొరసాని పెట్టింది బిడ్డకి పొట్టయి, అరిగి, ఇక అక్కర్లేని బూటు. ముసలావిడ పెట్టింది బిడ్డ రేపు తొడుక్కోవాల్సిన చెప్పు. దొరసానిని చూసి చేసింది గానీ, అక్కర్లేనిదే పెట్టాలన్నది చూడలేదు. ఆ మాట నేను అత్తయ్యతో అనలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక సమాధులతోటలో ఆ చిన్న సమాధి పక్కన మట్టి తీసి చెప్పుని పెట్టాలని పాస్టరుగారితో మాట్లాడుకున్నాం. అత్తయ్య ఆ చెప్పుని కుంకుడురసంతో కడిగి, నీడన ఆరబెట్టి, కొబ్బరినూనె రాసింది. తోలు మెత్తబడి, ఎరుపు పైకి తేలింది. కొత్త చేతిరుమాల్లో చుట్టి దిండు కింద పెట్టుకుంది. ఇనపపెట్టెలోంచి నేను కొన్న చెప్పులు తీసి గుమ్మం పక్కన పెట్టింది. వచ్చేపోయేవాళ్లందరికీ, "మా కోడలు కొన్నది, ఆదివారం వేసుకుంటున్నా" అని చెప్పుకుంది. అంత సంతోషంగా ఆవిడని నేనెప్పుడూ చూడలేదు.

ఆదివారం రాకముందే నా కూతురికి జ్వరం వచ్చింది.

మామూలు జ్వరమే అనుకున్నాం. తర్వాత పిల్ల కళ్లు తెరవడం మానేసింది. నందిగామ ఆసుపత్రిలో చేర్చాం. రక్తకణాలు పడిపోతున్నాయన్నారు, సెలైన్ పెట్టారు, రేపటిదాకా చూసి బెజవాడ పంపాలో లేదో చెబుతామన్నారు. బెజవాడ అన్న మాట వినగానే అత్తయ్య గోడకి ఆనుకుంది. మనవరాలి అరికాళ్లు రెండూ తన గుప్పిట్లో పెట్టుకుని కాసేపు నిలబడింది. పిల్ల పాదాలు నిప్పులా కాలుతున్నాయి.

"నేను ఇంటికెళ్లొస్తా" అంది.

"ఇప్పుడెందుకత్తయ్యా?"

"చిన్న పనుంది" అని, ఉత్తకాళ్లతో మెట్లు దిగి బస్సెక్కి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పిల్ల కళ్లు తెరిచి ఇడ్లీ అడిగింది. కణాలు నిలబడ్డాయి, బెజవాడ అక్కర్లేదన్నారు. ఆసుపత్రివాళ్లు పంపించేశాక పిల్లని భుజాన వేసుకుని ఇంటికొచ్చాను. గుమ్మం పక్కన చెప్పులు లేవు. లోపల తడిసున్నం వాసన. దొరపొయ్యి నోరు ఇటుకలతో మూసేసి ఉంది, పూత ఇంకా ఆరలేదు. కొత్త చేతిరుమాలు మడతపెట్టి దిండు మీద ఉంది.

"ఏం చేశారత్తయ్యా?"

"రెండూ ఎక్కడివి అక్కడ పెట్టేశా. నేనే ఎక్కి పెట్టా. మేస్త్రి వద్దంటే వినలా."

"జ్వరం తగ్గింది సెలైన్ వల్ల అత్తయ్యా!"

"ఆ, సెలైనే. నేను కాదన్నానా?"

"మరి మీ పిల్లది? ఆదివారం..."

ఆవిడ పైకి చూసింది. "అది ఇన్నేళ్లు అలవాటు పడిపోయింది అమ్మాయ్. ఇంకొన్నాళ్లు నడుస్తుందిలే. ఇది బతకాల్సిన పిల్ల."

ఆ ఇటుకలు పీకించేస్తానని నా నోటిదాకా వచ్చింది. తోలుముక్కకీ రక్తకణాలకీ సంబంధం లేదని లెక్కలు చెప్పే నాకు తెలుసు. కానీ నా పిల్ల నా మెడ మీద ఊపిరి తీస్తోంది, ఆ ఊపిరి చల్లగా ఉంది. పిల్లని తీసుకెళ్లి పడుకోబెట్టాను.

ఆ తర్వాత ఒకసారి ఫోన్లో వెతికాను. ఇంగ్లండులో పాత గడ్డిళ్ల గురించి రాసినవి చదివాను. మా ఇంట్లో ఉన్నవన్నీ అక్కడున్నాయి. దూలం మీద మచ్చలు నిర్లక్ష్యం కాదు, ఇంటికి నిప్పు అంటుకోకుండా ముందే కాస్త నిప్పు తినిపించడం. ఆరు రేకుల పువ్వు చెడు లోపలికి రాకుండా. గూట్లో బూట్లు సరేసరి. గుమ్మానికి గుమ్మడికాయ కట్టేవాళ్లని చూసి మా సంఘంలో నవ్వుతారు. మాకు దేవుడి గురించి చెప్పడానికి వచ్చినవాళ్ల ఇంటినిండా దిష్టిబొమ్మలే. నాకు నవ్వు రాలేదు. ఎంత భయపడి కట్టుకున్నారో పాపం అనిపించింది. ఊరుగాని ఊళ్లో, పిల్లలతో.

అటక మీద చప్పుడు ఆగలేదు. టక్, ఖాళీ, టక్. అత్తయ్య ఇప్పుడు తల పైకెత్తి, "ఉండవే తల్లీ, వస్తున్నా" అనేది, పొయ్యి మీద పాలున్నప్పుడు ఏడ్చే పిల్లతో అన్నట్టు. ఎండలో చర్చికి ఉత్తకాళ్లతోనే వెళ్లేది. నా కూతురు పెరిగింది. దాన్ని చూసినప్పుడల్లా ఆవిడ ఏం ఇచ్చేసిందో నాకు గుర్తొచ్చేది.

పోయినేడు వానలు వెనకపట్టాక అత్తయ్య పోయింది. మధ్యాహ్నం కునుకులోనే, చప్పుడు లేకుండా. చుట్టాలు వస్తున్నారు, పెట్టె వచ్చింది, చర్చి గంట కొట్టారు. నేను మా ఆయన్ని పక్కకి పిలిచి పొయ్యి గోడ కొట్టమన్నాను. అమ్మ పోయిన దుఃఖంలో ఉన్న మనిషి, నా మొహం ఒకసారి చూసి లేచాడు. గునపం తెచ్చాడు. హాల్లో ఉన్నవాళ్లు పాటలు ఆపేసి చూస్తున్నారు. ఆయన నిచ్చెన వేసుకుని ఎక్కి, ఎర్రచెప్పు నా చేతికి ఇచ్చాడు.

నా కూతురు ఎప్పుడు వెళ్లిందో, తన పాత స్కూలు బూటొకటి పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. వాళ్ల నాన్నమ్మ దానికి అన్నీ చెప్పే ఉంటుంది. ముందుభాగం అరిగిపోయి, కాలికి పట్టక పక్కన పడేసిన బూటు.

"ఇది పెట్టమను నాన్నని. నాకెలాగూ పట్టదు" అంది.

నల్లబూటు పక్కన దాన్ని పెట్టించాను. ఈసారి సరిగ్గా పెట్టాం.

ఇనపపెట్టెలోంచి చెప్పులు తీసి అత్తయ్య కాళ్లకి తొడిగాను. కొత్తవి, పగుళ్లు బారిన ఆ పాదాలకి వదులుగా ఉన్నాయి. ఎర్రచెప్పుని ఆవిడ కుడిచేతిలో పెట్టి, వేళ్లు మూశాను. మూత పట్టుకున్నవాళ్లలో ఒకాయన వంగి చూశాడు.

"ఏంటమ్మా అది?"

"ఆవిడ సామానే" అన్నాను. మూత వేశారు.

మర్నాడు చుట్టాలు వెళ్లిపోయారు. మధ్యాహ్నం నేనొక్కదాన్నే దొరపొయ్యి ఎదురుగా కూర్చున్నాను. ఊరు పడుకుంది. గడ్డికప్పు కింద ఎప్పుడూ ఉండే నిశ్శబ్దమే. రాకూడదనుకున్నానో, రావాలనుకున్నానో నాకే తెలియదు.

టక్ టక్. టక్ టక్. ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఖాళీ లేకుండా. అటక ఈ చివరనుంచి ఆ చివరకి, కిటికీలవైపు, గంతులేసినట్టు. వాటి పక్కనే ఇంకో జత అడుగులు, నెమ్మదిగా, మెత్తగా, కొత్త చెప్పులు అలవాటు లేని మనిషి నడిచినట్టు.

ఎండకు పలకలు సాగుతాయి. అది అత్తయ్యకి చెప్పింది నేనే. ఆ రోజు తర్వాత ఎన్ని ఎండలు కాసినా అవి మళ్లీ సాగలేదు.